ఒంటికి వేరు, ముఖానికి వేరు: ఇంట్లోనే ముఖానికి సున్నిపిండి తయారీ

కడపలో మా ఇంటి బోరు నీళ్లతో కందిపప్పు ఉడకదు. ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా పలుకు పలుకుగానే ఉంటుంది. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. సబ్బు అరిగిపోతుందే తప్ప నురగ రాదు. అలాంటి నీళ్లతో, సబ్బుతో ముఖం కడుక్కుంటే తువాలు అందుకునే లోపే చర్మం బిగుసుకుపోతుంది. ఆ బిగుతును చూసి ముఖం బాగా శుభ్రపడిందని చాలామంది సంతోషిస్తారు. నిజానికి అది చర్మం తన నూనెను పోగొట్టుకుందని చెప్పే గుర్తు.

దీనికి కారణం మన కాళ్ల కిందే ఉంది. ఇళ్లలో పరుచుకునే నల్లటి కడప బండ సున్నపురాయే. ఈ ప్రాంతంలో నేల కింద సున్నపురాయి పొరలు విస్తారంగా ఉన్నాయి. వాటి మధ్య ఊరే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కలుస్తాయి. సబ్బు ఆ లవణాలతో కలిస్తే నీళ్లలో కరగని జిడ్డు తెట్టులా మారుతుంది. బకెట్టు అంచున పేరుకునే తెల్లటి మడ్డి అదే, ముఖం మీద మిగిలిపోయేదీ అదే. పైగా మామూలు సబ్బు క్షారగుణం గలది, దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 నుంచి 10 దాకా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం పై పొర కొద్దిగా ఆమ్లంగా, దాదాపు 5 దగ్గర ఉంటుంది. ఏప్రిల్, మే నెలల ఎండ, పొడిగాలి వీటికి తోడైతే ముఖం పగలకుండా ఎలా ఉంటుంది?

పప్పుల పిండిలో సబ్బు లేదు కాబట్టి ఉప్పునీళ్లలో తెట్టు కట్టే ప్రశ్నే లేదు. పిండిలోని గంజి పదార్థం, మాంసకృత్తులు ముఖం మీది జిడ్డును, దుమ్మును పీల్చుకుంటాయి. పప్పుల్లో సహజంగా కొద్దిపాటి సపోనిన్లు ఉంటాయి. కుంకుడుకాయకు నురగనిచ్చేవి కూడా సపోనిన్లే, అయితే పప్పుల్లో అవి చాలా తక్కువ. అందుకే ముఖానికి కుంకుడు రసం ఘాటెక్కువ, కళ్లలో పడితే మంట. పప్పు పిండి మెత్తన. సబ్బు కలవని ముఖపు ద్రావణాలు అంగళ్లలో దొరుకుతాయి, అవి కూడా ఉప్పునీళ్లలో తెట్టు కట్టవు. అవి మీకు సరిపడుతుంటే మానేయమని నేను చెప్పను. సొంతంగా చేసుకోవాలనుకునేవారికి మాత్రం ద్రవం కంటే పొడి మేలు. ఇంట్లో చేసిన ద్రవంలో నిల్వ పదార్థాలు ఉండవు కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే సూక్ష్మజీవులు పెరుగుతాయి. తడి తగలని పొడిలో అవి పెరగలేవు.

మా అవ్వ దీపావళికి, పెళ్లిళ్లకు పెద్ద డబ్బా నిండా సున్నిపిండి కొట్టించేది. ఆ డబ్బా పక్కనే ఒక చిన్న సీసా ఉండేది. చిన్నప్పుడు నేను పెద్ద డబ్బాలోంచి తీసి ముఖానికి రాసుకోబోతే చేయి పట్టుకుని ఆపేది. “ఒంటి పిండి వేరు, ముఖం పిండి వేరు పాపా” అనేది. ఎందుకని అప్పుడు అడగలేదు. తరువాత ఒక్కో దినుసు గురించి తెలుసుకుంటూ పోతే ఆ మాటలో ఎంత జాగ్రత్త ఉందో అర్థమైంది. ఇక్కడ చెప్పేది ఆ చిన్న సీసాలోని పిండి గురించే.

ముందు, వేయకూడనివి

ఏం వేయాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు. ముఖం పాడయ్యేది ఎక్కువగా వేయకూడనివి వేయడం వల్ల. అందుకే అక్కడి నుంచి మొదలుపెడుతున్నాను.

మొదటిది బావంచాలు అనే మూలిక గింజలు. సున్నిపిండి దినుసులు ఇవ్వమంటే మూలికల అంగడిలో తప్పకుండా పొట్లం కట్టి ఇస్తారు. వాటిలో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది. ఇది ఎండలోని అతినీలలోహిత కిరణాలకు చర్మం అతిగా స్పందించేలా చేస్తుంది. బొల్లికి వైద్యులు సొరాలెన్ ఇచ్చి, కొలిచిన మోతాదులో ఆ కిరణాలను చర్మం మీద పడేలా చేసే చికిత్స ఒకటి ఉంది. వైద్యుల చేతిలో మందుగా ఉన్నది, పొద్దున్నే ముఖానికి రుద్దుకుని మధ్యాహ్నం కడప ఎండలో నడిస్తే కాలిన మచ్చలకు, నల్లటి చారలకు దారి తీయవచ్చు. ముఖం పిండిలో బావంచాలు ఒక్క గింజ కూడా వద్దు. నేనైతే ఒంటి పిండిలోనూ మానేశాను.

రెండోది నిమ్మరసం. దాని పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, చర్మానికి అంత పులుపు అక్కర్లేదు. నిమ్మజాతి రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలినా బొబ్బలు, నల్ల మచ్చలు వచ్చే ప్రమాదం ఉంది. నల్లబడిన ముఖం తెల్లబడాలని నిమ్మచెక్క రుద్దుకుని మరింత నల్లబడిన పిల్లలను చూశాను. వంట సోడా దీనికి పూర్తి విరుద్ధం, అది క్షారం. సబ్బు వద్దనుకుని సోడా వేసుకుంటే మళ్లీ మొదటికే వస్తాం. పంచదార, ఉప్పు, అక్రోటు పెంకుల పొడి లాంటి గరుకు వస్తువులు కంటికి కనిపించని గీతలు పెడతాయి. ముఖం దగ్గరికి వాటిని రానివ్వకండి.

బత్తాయి తొక్కల గురించి చాలామంది అడుగుతారు. పులివెందుల వైపు, అనంతపురం జిల్లాలో చీనీ తోటలు ఎక్కువ, తొక్కలకు కరువు లేదు. కాయ మీద కొట్టిన మందు తొక్కకే అంటి ఉంటుంది, ఎండిన తొక్క పొడి ఎంత జల్లించినా కొంత గరుకుగానే ఉంటుంది. వాసన కోసం వేసుకోవాలనిపిస్తే మందు కొట్టని చెట్టువి తెచ్చుకుని, బాగా కడిగి, మొత్తం పిండిలో ఇరవయ్యో వంతు మించకుండా వేయండి. సున్నితమైన చర్మం ఉన్నవారు అది కూడా వద్దు.

కావలసినవి

ఇద్దరికి నెలకు పైగా సరిపోయే కొలత చెబుతున్నాను. పొట్టు తీసిన పెసరపప్పు 250 గ్రాములు, పచ్చి శనగపప్పు 100 గ్రాములు, బియ్యం 50 గ్రాములు, ఎండిన గులాబీ రేకులు 25 గ్రాములు, వట్టివేళ్లు 15 గ్రాములు, కస్తూరి పసుపు 10 గ్రాములు. అంతే. ఇరవై దినుసులు వేస్తే గొప్ప పిండి అవుతుందన్నది భ్రమ. దినుసులు పెరిగే కొద్దీ ఏదో ఒకటి పడకపోయే అవకాశమూ పెరుగుతుంది, ఏది పడలేదో కనిపెట్టడమూ కష్టమవుతుంది.

ఒంటి పిండికి పొట్టుతో ఉన్న పెసలు వాడతారు. పొట్టు ఎంత మెత్తగా ఆడినా పొరలు పొరలుగా గుచ్చుకుంటుంది కాబట్టి ముఖానికి పప్పే మంచిది. జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేలల్లో రబీలో శనగ పండుతుంది. కొత్త పంట వచ్చాక తీసుకున్న శనగపప్పుతో పిండి కమ్మటి వాసన వస్తుంది. వేయించిన పుట్నాల పప్పు వాడకండి, అది ముఖం మీద ముద్దలా అతుక్కుంటుంది. చర్మం బాగా పొడిబారేవారు బియ్యం పూర్తిగా మానేసి ఆ 50 గ్రాములు కూడా పెసరపప్పే వేసుకోవచ్చు.

గులాబీ రేకులకు నాటు గులాబీ వెతకండి. కడపలో పెద్ద దర్గా దగ్గర పూల అంగళ్లలో రోజూ గులాబీలు కనిపిస్తాయి. ఏ అంగట్లో కొన్నా రంగు అద్దినవి, మందు వాసన వచ్చేవి తీసుకోవద్దు. పెరటి చెట్టు పూలైతే ఇంకేం కావాలి. వాసన లేని పెద్ద పూలు చూడటానికి బాగుంటాయి కానీ ఎండితే గడ్డితో సమానం.

పసుపు దగ్గర కొంచెం ఆగాలి. మైదుకూరు, ఖాజీపేట వైపు పండే పసుపు మనకు గర్వకారణం. అయితే అది కూరల పసుపు. అందులోని కర్క్యుమిన్ ముఖానికి పచ్చరంగు పట్టిస్తుంది, తువాళ్లకు, దిండు గలీబులకు అంటితే వదలదు. కస్తూరి పసుపు వేరే జాతి. దాని కొమ్ము విరిస్తే లోపల లేత రంగులో ఉంటుంది, కర్పూరం లాంటి వాసన వస్తుంది, చర్మానికి రంగు పెద్దగా అంటదు. విరిచినప్పుడు ముదురు నారింజ రంగు కనిపిస్తే అది కస్తూరి పసుపు కాదని తెలుసుకోండి. దొరకకపోతే మామూలు పసుపు కొమ్ము 3 గ్రాములు చాలు, అసలు వేయకపోయినా నష్టం లేదు. ఏదైనా కొమ్ముగానే కొనండి. పొడిలో రంగులు కలిపి అమ్మే మోసం పసుపుకు ఎప్పటినుంచో ఉంది.

కడగడం, ఎండబెట్టడం

పిండి మంచిదవుతుందో పాడవుతుందో తేలేది ఇక్కడే. మిక్సీ దగ్గర కాదు.

పప్పులు, బియ్యం చాటలో చెరిగి రాళ్లు, పుచ్చులు ఏరండి. ఒక గిన్నెలో నీళ్లు పోసి పెసరపప్పు వేసి చేత్తో గబగబా రెండుసార్లు కడిగి వంచేయండి. నీళ్లు ముదురు పసుపుగా దిగితే ఆ పప్పుకు రంగు వేసి ఉంటారు, దాన్ని వాడవద్దు. నీళ్లలో నానబెట్టకండి. నానితే పప్పు లోపలికి తడి వెళ్లి ఎండటానికి రోజులు పడుతుంది, ఈలోపు పులిసిన వాసన వస్తుంది. శనగపప్పు, బియ్యం కూడా ఇలాగే కడిగి నీళ్లన్నీ వాడ్చండి.

మిద్దె మీద తెల్లటి నూలు గుడ్డ పరిచి పప్పులు పలుచగా ఆరబోయండి. కడప బండలు పరిచిన మిద్దె అయితే పైనుంచి ఎండ, కింద నుంచి రాతి వేడి రెండూ తగులుతాయి. మార్చి నుంచి మే దాకా ఒక్క రోజు ఎండ చాలు. చలికాలంలో రెండు మూడు రోజులు పట్టవచ్చు. అక్టోబరు, నవంబరు ముసుర్లలో ఈ పని పెట్టుకోకండి. సాయంత్రం గాలికి దుమ్ము లేస్తుంది కాబట్టి పైన పలుచటి మల్లు గుడ్డ కప్పి నాలుగు మూలలా రాళ్లు పెట్టండి. పొద్దు వాలగానే లోపలికి తెచ్చేయాలి, రాత్రి చెమ్మకు వదిలేస్తే పగటి శ్రమ వృథా.

గులాబీ రేకులను మాత్రం ఎండలో పెట్టకండి. రంగు, వాసన రెండూ పోతాయి. గాలి ఆడే గదిలో నీడన, కాగితం మీద పరచండి. మన పొడిగాలికి మూడు నాలుగు రోజుల్లో గలగలలాడతాయి. వట్టివేళ్లకు మట్టి అంటి ఉంటుంది, రెండు మూడు నీళ్లలో జాడించి, కత్తెరతో సెంటీమీటరు ముక్కలుగా కత్తిరించి ఎండబెట్టండి.

ఎండాయో లేదో తెలుసుకోవడానికి శనగపప్పు బద్ద ఒకటి పంటి కింద పెట్టి కొరకండి. టక్కున విరగాలి. మెత్తగా దిగితే ఇంకో పూట ఎండ కావాలి. గులాబీ రేకును అరచేతిలో నలిపితే మడత పడకుండా పొడి పొడి కావాలి.

ఆడించడం, వస్త్రగాళితం

పిండి మరకు పంపాలనుకునేవారికి ఒక మాట. ఒక ఉగాదికి ముందు నేను పప్పులు మరకు పంపాను. నాకంటే ముందు ఎవరో మిరపకాయలు ఆడించుకుని వెళ్లారు. పిండిలో ఎర్రదనం కనిపించలేదు, వాసన కూడా తెలియలేదు. రాసుకున్న నిమిషంలో ముఖమంతా నిప్పులు పోసినట్టయింది. నీళ్లు ఎంత కొట్టినా తగ్గలేదు, చల్లటి పాలు పూసి తుడిచాకే కొంత నెమ్మదించింది. కారంలోని మంట పదార్థం నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుందన్న సంగతి ఆ రోజు ముఖంతో నేర్చుకున్నాను. రాయలసీమలో ప్రతి మరా కారం ఆడే మరే. ఇంతటి చిన్న కొలతకు ఇంట్లో మిక్సీ చాలు. ఆ జార్ కూడా కారానికి, మసాలాకు వాడనిది కావాలి. లేదంటే గుప్పెడు బియ్యం వేసి రెండుసార్లు ఆడించి, ఆ పిండి పారబోసి, తుడిచి మొదలుపెట్టండి.

కస్తూరి పసుపు కొమ్ములను నేరుగా మిక్సీలో వేస్తే బ్లేడు దెబ్బతింటుంది. రోట్లో వేసి పలుకులుగా దంచుకోండి. ముందుగా పసుపు పలుకులు, వట్టివేళ్లు, గులాబీ రేకులు కలిపి ఆడండి. వట్టివేళ్లు ఒక్కటే వేస్తే పీచు చుట్టుకుంటుంది, గుప్పెడు బియ్యం తోడుగా వేస్తే బాగా నలుగుతాయి. తరువాత పప్పులు, మిగిలిన బియ్యం కొద్దికొద్దిగా వేస్తూ ఆడండి. ఒక్కసారికి 20, 30 సెకన్లు తిప్పి ఆపండి. జార్ వేడెక్కితే పిండికి వేగిన వాసన వస్తుంది, గులాబీ పరిమళం ఆవిరైపోతుంది.

ఇప్పుడు మొత్తం కలిపి మామూలు జల్లెడతో ఒకసారి జల్లించండి. మిగిలిన నూకను మళ్లీ ఆడి మళ్లీ జల్లించండి. ఇక్కడితో ఆగితే అది ఒంటి పిండి. ముఖం పిండి కావాలంటే వస్త్రగాళితం పట్టాలి. శుభ్రమైన మల్లు గుడ్డను వెడల్పాటి గిన్నె మూతికి బిగించి కట్టి, పైన రెండు చెంచాల పిండి వేసి వేళ్లతో మెల్లగా తిప్పుతూ ఉంటే మెత్తటి ధూళి లాంటి పొడి కిందికి దిగుతుంది. చేతులు నొప్పి పుడతాయి, అరగంటకు పైనే పడుతుంది. ఈ పని తప్పించుకోవద్దు. దిగిన పొడిని రెండు వేళ్ల మధ్య రుద్దితే పసిపిల్లల పౌడరులా జారాలి, ఎక్కడా గింజ తగలకూడదు. గుడ్డ మీద మిగిలిన నూకను పారేయకండి, మడమలకు, మోచేతులకు అది చక్కగా పనికొస్తుంది.

వాడే ముందు ఒక రోజు ఆగండి

చెంచాలో పావు వంతు పిండి నీళ్లతో కలిపి మోచేతి మడత లోపల రాసి, ఐదు నిమిషాలకు కడిగేసి 24 గంటలు చూడండి. దురద, ఎర్రదనం, దద్దుర్లు వస్తే ముఖానికి వద్దు. శనగలు, పెసలు తింటే పడనివారు ఈ పిండి జోలికే వెళ్లకూడదు. చీము పట్టిన మొటిమలు, పుండ్లు, గజ్జి ఉన్నప్పుడు సున్నిపిండి మందు కాదు, చర్మ వైద్యులకు చూపించుకోండి.

ముఖం కడుక్కునే తీరు

ఒక మనిషికి ఒక పూటకు చిన్న చెంచాడు పిండి చాలు. పిండిని అరచేతిలో పోసుకుని మూడు చెంచాల నీళ్లు కలిపి పలుచటి జావలా చేయండి. కలపగానే రాయకండి. రెండు నిమిషాలు అలా ఉంచితే పొడి రేణువులు నీళ్లు పీల్చుకుని ఉబ్బి మెత్తబడతాయి. పొడిపిండి నేరుగా రుద్దడానికీ, నానిన పిండి రాయడానికీ ఉన్న తేడా మొదటిసారే తెలిసిపోతుంది.

ముఖం ముందుగా తడపండి. నానిన పిండిని వేళ్ల కొనలతో గుండ్రంగా, బరువు వేయకుండా అర నిమిషం తిప్పండి. ముక్కు పక్కల, గడ్డం కింద ఇంకాస్త సేపు. కంటి చుట్టూ వద్దు. కడిగేయండి. పూతలా పట్టించి పగుళ్లు వచ్చేదాకా ఆరబెట్టడం, ఆరిన పిండిని నలిచి రాల్చడం ఒంటికి పెట్టే నలుగు పద్ధతి. ముఖం చర్మం పలుచన, ఆ లాగుడును తట్టుకోలేదు. కడగడానికి మంచినీళ్లు ఉంటే మేలు. బోరు నీళ్లు తప్ప లేకపోతే కాచి చల్లార్చి, అడుగున పెచ్చు దిగాక పైన తేరిన నీళ్లు వాడితే కొంత ఉప్పు తగ్గుతుంది.

తువాలుతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే రెండు చుక్కల నువ్వుల నూనె గానీ, మీకు అలవాటైన క్రీము గానీ రాసుకోండి. మన గాలిలో ఈ చివరి పని మానకూడదు.

రోజుకు ఒకసారి, రాత్రి పూట చాలు. పొద్దున ఉత్త నీళ్లు సరిపోతాయి. పొడి చర్మం వారికి వారానికి మూడుసార్లు చాలు, వారు నీళ్లకు బదులు పాలు కలుపుకోవచ్చు. జిడ్డు చర్మం వారికి పులవని మజ్జిగ బాగుంటుంది. ముల్తానీ మట్టి కలపాలనుకుంటే వారానికి ఒక్కసారి, అదీ జిడ్డు చర్మానికే. ఎండ నుంచి కాపాడే క్రీము, పెళ్లిళ్లకు వేసుకునే అలంకరణ రంగులు వట్టి పిండితో పూర్తిగా పోవు. ముందు నాలుగు చుక్కల నువ్వుల నూనె ముఖమంతా రాసి మెత్తటి గుడ్డతో తుడిచి, ఆ తరువాత పిండితో కడగండి.

పిండి కలిపిన నీళ్లు వాష్ బేసిన్‌లో పోస్తూ పోతే గొట్టంలో అడుగున పేరుకుని మూసుకుపోతుంది. పెరట్లోనో బకెట్టు మీదనో కడుక్కుని ఆ నీళ్లు మొక్కలకు పోయండి.

నిల్వ

ఆడిన పిండి పూర్తిగా చల్లారాక, ఎండలో ఆరబెట్టిన గాజు సీసాలో పోయండి. స్నానాల గదిలో పెట్టవద్దు, అక్కడి ఆవిరికి రెండు వారాల్లో బూజు వాసన వస్తుంది. పెద్ద సీసా వంటింటి అల్మారాలో ఉంచి, వారానికి సరిపడా పొడి మాత్రం చిన్న డబ్బాలోకి తీసుకోండి. తడి చెంచా, తడి చేయి పెట్టకండి. నీళ్లతో కలిపినది మిగిలితే ఫ్రిజ్‌లో దాచకుండా అప్పుడే పారబోయండి. సీసా మీద చేసిన తేదీ రాసి అంటించండి. పచ్చి పప్పుల పిండి కాబట్టి రెండు నెలలు దాటించవద్దు. వానాకాలంలో మధ్యలో ఒకసారి పళ్లెంలో పోసి గంటసేపు ఎండ చూపించండి. పురుగు పట్టిన పిండిని జల్లించి మళ్లీ వాడకండి. దాన్ని మొక్కల పాదులో కలిపేసి, మళ్లీ పావుకిలో పెసరపప్పు కడిగి మిద్దె మీద ఆరబోయండి.